ఇరవై డాలర్ల ఆదా, పగలని గోళీలు

పెయింట్‌బాల్ ఆటకి వారం ముందు మా వాట్సాప్ గ్రూపులో తప్పకుండా ఒక లింకు పడుతుంది. "అన్నా, 2000 బాల్స్ కేసు ఇక్కడ బాగా తక్కువకి వస్తోంది, తెప్పించేద్దామా?" దాని కింద వరసగా బొటనవేళ్ళు. డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, వీలు చిక్కిన శనివారం మాస్కులు తగిలించుకుని, రంగు గోళీలు పేల్చే గన్నులతో పొదల్లో పాకే తెలుగువాళ్ళం మేం. ఇంటి అప్పులున్నవాళ్ళం, పిల్లల డేకేర్ ఫీజులు కట్టేవాళ్ళం. బేరం కనబడితే చెయ్యి ఊరుకోదు. ఆ లింకుకి ప్రతిసారీ అడ్డం పడేది నేను. "నీకు బ్రాండ్ల పిచ్చిరా" అని నామీద ఓ ముద్ర కూడా పడిపోయింది. ఒక్కసారి విడమరచి రాసి పెట్టుకుంటే, ఇకమీదట వాళ్ళ లింకుకి నేనూ ఓ లింకు పడేసి ఊరుకోవచ్చు.

నా గొడవ డబ్బు గురించి కాదు. ఈ మాట ముందే చెప్పాలి. చౌక పెయింట్ వద్దనేవాళ్ళు (ఆడేవాళ్ళు ఈ గోళీల్ని పెయింట్ అనే అంటారు) ఎక్కువగా ఎత్తుకునేది డబ్బు లెక్కే. చౌకది కొంటే చివరికి ఖర్చు ఎక్కువంటారు. వేసి చూద్దాం. కేసు 35 డాలర్లది ఒకటి, 55 డాలర్లది ఒకటి అనుకోండి. చౌకదాంట్లో పదింటికి నాలుగు పనికిరాకుండా పోయాయి, మంచిదాంట్లో పదింటికి ఒకటి పోయిందనుకోండి. చౌకదాంట్లో పనికొచ్చినవి 1200, ఒక్కోటి 2.9 సెంట్లు పడింది. మంచిదాంట్లో 1800, ఒక్కోటి 3.1 సెంట్లు. దాదాపు సగం నేలపాలైనా చౌకదే ఓ పిసరు నెగ్గుతోంది! డబ్బు చూపించి మావాళ్ళని ఒప్పిద్దామని దిగితే ఓడిపోతాం. ఎక్సెల్ షీట్లతో బతికే జనం వాళ్ళు.

నేననేది వేరే. పెయింట్‌బాల్‌లో ఎవరు ఔటో తేల్చేది గోళీ. ఒంటి మీదో, గన్ను మీదో, మాస్కు మీదో తగిలి పగిలి, క్వార్టర్ (పావు డాలరు) బిళ్ళంత మరక పడితే ఔట్. తగిలి పగలకుండా ఎగిరిపోతే ఔట్ కాదు, ఎంత గట్టిగా తగిలినా సరే. చాలా ఫీల్డుల్లో నియమం ఇదే. రిఫరీ పరిగెత్తుకొచ్చి చూసేది కూడా ఆ మరకనే. మరకే సాక్ష్యం, మరకే తీర్పు. నాసిరకం గోళీలు కొనడమంటే చూపు ఆనని అంపైరుని తక్కువ జీతానికి కుదుర్చుకుని క్రికెట్ మ్యాచ్ పెట్టుకోవడమే. బ్యాట్లు మంచివి, పిచ్ మంచిది, ఆడేవాళ్ళూ మంచివాళ్ళే. సాయంత్రానికి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

అది మా మైదానంలో జరిగేదే. చౌక కేసు తెచ్చిన రోజు రెండో ఆటకల్లా మొదలవుతుంది. "రెండు తగిలాయిరా నీకు, నేను చూశా." "తగిలాయి బ్రో, పగల్లేదు." "తుడిచేసుంటావ్." ఈ ఆటలో తుడిచేశావనడం మామూలు మాట కాదు, దొంగా అన్నట్టే. అన్నవాడు అబద్ధమాడటం లేదు, పడ్డవాడూ ఆడటం లేదు. నడుమ ఒక గోళీ పగలాల్సిన చోట పగల్లేదు, అంతే. చెట్టు చాటున అరగంట పాకి, ఊపిరి బిగబట్టి, గురి చూసి కొట్టినవాడికి ఆ గోళీ ఎదుటివాడి భుజం మీంచి రబ్బరు బంతిలా ఎగిరిపోవడం చూస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత గురి చూడటం మానేసి గుప్పించడం మొదలుపెడతాడు. ఒకటి కాకపోతే పది. ఎదుటివాడూ అదే పని చేస్తాడు. మాటువేయడం, పక్కనుంచి చుట్టుకురావడం, కబుర్లందించుకోవడం అన్నీ పోయి ఆట కాస్తా గోళీల వానయి ఊరుకుంటుంది.

గోళీ ఎందుకు పగలదో చెప్పాలంటే దాని తయారీలోకి వెళ్ళాలి. నాకు ఈ భాగమంటే మహా ఇష్టం, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

పెయింట్‌బాల్ ఆట కోసం పుట్టింది కాదు. అడవుల్లో నరకాల్సిన చెట్లకి దూరం నుంచే గుర్తు పెట్టడానికి మిషిగన్ రాష్ట్రంలోని నెల్సన్ పెయింట్ కంపెనీ 1970ల్లో రంగు గోళీలు పేల్చే పిస్తోలు అమ్మేది. నెల్‌స్పాట్ 007 అని పేరు, చేసిపెట్టింది ఎయిర్‌గన్నుల డైసీ కంపెనీ. లోపలి రంగు నెల్సన్‌దే. పై తొడుగు కోసం మందుల క్యాప్సూళ్ళు చేసే ఆర్.పి. షెరర్ కంపెనీ దగ్గరికి వెళ్ళారు. అప్పటినుంచి ఇప్పటిదాకా పెయింట్‌బాల్‌కీ, మన మందుల డబ్బాలో ఉండే చేపనూనె మాత్రకీ తయారీ ఒకటే. రెండు జెలటిన్ పట్టీలు రెండు తిరిగే రోలర్ల మధ్యకి వస్తాయి. రోలర్ల మీద అరగోళీ ఆకారంలో గుంటలుంటాయి. రెండు గుంటలు ఎదురెదురుగా వచ్చిన క్షణంలో మధ్యలోకి రంగు పడుతుంది, అంచులు అతుక్కుంటాయి, గోళీ కింద పడుతుంది. ఈ యంత్రాన్ని షెరర్ 1930ల్లో కనిపెట్టింది మందుల కోసమే.

1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ దగ్గర అడవిలో చార్లెస్ గెయిన్స్, హేస్ నోయెల్, బాబ్ గర్న్సీ, వాళ్ళ మిత్రులూ కలిపి పన్నెండు మంది ఈ చెట్ల పిస్తోళ్ళతోనే మొదటి ఆట ఆడారు. జెండాలన్నీ సేకరించి గెలిచిన అటవీ ఉద్యోగి ఒక్క గోళీ కూడా పేల్చలేదట. పెయింట్ ఖర్చు తగ్గించుకోవాలంటే నాకు తెలిసిన ఉత్తమ మార్గం అదే. మావాళ్ళెవరూ దాన్ని ప్రయత్నించరు.

ఆ తొలి గోళీల్లో రంగు నూనెరంగు. ఒంటికంటితే టర్పెంటైన్‌తో కడుక్కోవాల్సి వచ్చేది. ఆట వ్యాపారంగా మారాక నీళ్ళతో పోయే రంగు తెచ్చారు. ఇవాళ మంచి గోళీ లోపల ఉండేది పెయింట్ కాదు. పాలిఎథిలిన్ గ్లైకాల్ అనే జిగురు ద్రవం, కాస్త సార్బిటాల్, చిక్కదనానికి మైనం లాంటివి, రంగు పదార్థం. చిక్కగా ఉండాలి, పడ్డచోట నిలవాలి, ఉతికితే పోవాలి. ఈ మూడూ కావాలంటే ఖర్చవుతుంది. ఖర్చు తగ్గించాలనుకున్నవాడు లోపలి సరుకుని పలచన చేస్తాడు, లేదా నూనె కలుపుతాడు. పలచనది పగిలినా నీళ్ళలా జారిపోతుంది, పరిగెడుతున్నవాడి నల్ల టీషర్టు మీద కనబడదు. నూనె కలిపినది బట్టకంటితే వదలదు. మా ఇంట్లో ఈ రెండోదాని మీద ఫిర్యాదు నాకంటే నా భార్యకే ఎక్కువ.

తొడుగు సంగతి ఇంకా సున్నితం. జెలటిన్ గాలిలో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పొడిగాలికి ముడుచుకుంటుంది, చలికి పెళుసెక్కుతుంది. ఒకే పక్క మీద నెలలు పడి ఉంటే అడుగున సొట్ట పడుతుంది. అందుకే మంచి దుకాణాల్లో ఏసీ గదిలో ఉంచి, సంచుల్ని అప్పుడప్పుడు తిరగేస్తుంటారు. పెద్ద సూపర్ స్టోర్లో చేపల గాలాల పక్కన అరమీద దుమ్ము పట్టిన పెట్టెని ఎవరు తిరగేస్తారు? అది ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడొచ్చిందో, ఏ ట్రక్కులో ఎన్ని ఎండలు తిందో కొనేవాడికి తెలిసే దారి లేదు. టెక్సస్ ఎండాకాలం అంటే 40 డిగ్రీలు, ట్రక్కు లోపల అంతకన్నా ఎక్కువ. హ్యూస్టన్ వైపు దానికి తోడు తేమ. ఫ్యాక్టరీలో బాగున్న సరుకు కూడా ఈ ప్రయాణంలో పాడవుతుంది. చౌక ధరకి చాలాసార్లు అసలు కారణం ఇదే: తయారీ నాసిరకమని కాదు, పాతబడింది. పాతబడినదాన్ని తగ్గించి అమ్మడంలో తప్పులేదు. చెప్పకుండా అమ్మడంలో ఉంది.

పగలని గోళీ ఒక రకం బాధయితే, పగలకూడని చోట పగిలేది ఇంకో రకం. గోళీ కొలత 0.68 అంగుళం అని పెట్టె మీద ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కొన్ని అంతకన్నా చిన్నవి, కొన్ని పెద్దవి, కొన్ని కోడిగుడ్డు వైపు మొగ్గుతుంటాయి. నాసిరకం కేసులో ఈ తేడా ఒకే సంచిలో కనబడుతుంది. ఉబ్బినది బ్యారెల్‌లో ఇరుక్కుని లోపలే పగులుతుంది. పెళుసెక్కింది గోళీని ముందుకి నెట్టే బోల్టు దెబ్బకే చితికిపోతుంది. ఒక్కటి లోపల పగిలిందంటే ఆ తడిలోంచి వెళ్ళే ప్రతి గోళీ ఎటో ఒకవైపు తిరుగుతూ వంకర పోతుంది. గురి చూసేది తలకాయ వైపు, పోయేది పక్క చెట్టుకి. స్క్వీజీ (బ్యారెల్ తుడిచే కడ్డీ) పెట్టి లాగి, గుడ్డతో తుడిచి, హాపర్‌లో (గన్ను మీద గోళీలు పోసే డబ్బాలో) చేరిన జిగురు కడిగి మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆట అయిపోతుంది. మావాళ్ళు అప్పుడు గన్నుని తిడతారు. అద్దె గన్ను కదా, తిట్టడం తేలిక.

ఈ మొత్తంలో నాకు నిజంగా భయం పుట్టించేది మాత్రం మాస్కు. పెయింట్‌బాల్‌లో కంటి గాయాలు ఎక్కువగా మాస్కు పెట్టుకోనప్పుడో, తీసినప్పుడో అవుతాయి. పెట్టుకున్నప్పుడు పెద్దగా భయం లేదు. అమెరికాలో ఈ మాస్కులకి ఏఎస్‌టీఎమ్ ఎఫ్1776 అని ప్రత్యేక ప్రమాణమే ఉంది. మరి ఆట మధ్యలో మాస్కు ఎవరు ఎత్తుతారు? అద్దం మీద నూనె రంగు పడి తుడిస్తే ఇంకా అలుక్కుపోయి, ఏమీ కనబడనివాడు. గన్ను లోపల గోళీ పగిలిందని ఆగి బ్యారెల్‌లోకి తొంగి చూసేవాడు. మాలో ఒకరి పుట్టినరోజుకి వచ్చిన కుర్రాడొకడు ఆట జరుగుతుండగానే మాస్కు నుదుటి మీదకి ఎత్తి అద్దం తుడుచుకుంటున్నాడు. రిఫరీ వేసిన కేకకి చుట్టూ ఉన్న అందరం బిగుసుకుపోయాం. వాడికి ఏమీ కాలేదు. అజాగ్రత్త వాడిదే, ఒప్పుకుంటా. కానీ చూపు మూసేసింది ఆ జిడ్డు రంగు.

దెబ్బ సంగతీ చెప్పాలి. గోళీ బరువు దాదాపు 3 గ్రాములు. ఫీల్డుల్లో సాధారణంగా అనుమతించే వేగం సెకనుకి 280 నుంచి 300 అడుగులు. అంటే గన్ను దాటేటప్పుడు దానిలో సుమారు 11 నుంచి 12.5 జౌళ్ళ శక్తి ఉంటుంది. పగిలిందంటే ఆ ఊపులో కొంత తొడుగు చిరగడానికీ, రంగు పక్కలకి చిమ్మడానికీ పోతుంది. పగలకుండా వెనక్కి ఎగిరిందంటే ఒంటి మీద పడే తోపు ఇంకా ఎక్కువ, దాన్ని ఆపిందీ మన ఒళ్ళే, వెనక్కి తన్నిందీ మన ఒళ్ళే. అందుకే ఎగిరిపోయిన గోళీ వదిలే వాత పగిలినదానికన్నా ముదురుగా ఉంటుంది. విచిత్రం చూడండి: ఎక్కువ నొప్పి పెట్టిన దెబ్బకి ఔట్ లేదు, తక్కువ నొప్పిదానికి ఔట్ ఉంది.

కుక్కలున్నవాళ్ళకి ఇంకో మాట. పగలకుండా గడ్డిలో పడిపోయినవి, గ్యారేజీలో సంచి చినిగి దొర్లినవి కుక్కలు తింటాయి, తియ్యగా ఉంటాయి కాబట్టి. లోపలి గ్లైకాల్, సార్బిటాల్ కడుపులోకి నీళ్ళు లాగేసి రక్తంలో సోడియం పెంచేస్తాయి. వణుకు, మూర్ఛ దాకా పోతుందని పశువైద్యులు హెచ్చరిస్తారు. ఇది ఖరీదైన గోళీకీ వర్తిస్తుంది. కాకపోతే నేలమీద పగలకుండా మిగిలేవి ఏ రకంవో చెప్పక్కర్లేదు. మనుషుల నోట్లో కాస్త చింది పడితే ప్రమాదం లేదు, రుచి మాత్రం ఘోరం. "జెలటిన్ అంటే ఎముకలదేగా?" అని మా శాకాహారి మిత్రుడు అడిగితే అవునన్నాను. అప్పటినుంచి వాడు నోరు మూసుకుని ఆడతాడు, జట్టుకి అదో లాభం.

ఇప్పుడు అవతలి పక్షం. మావాళ్ళ బలమైన వాదన ధర కాదు, ఫీల్డు వాళ్ళ దోపిడీ. అమెరికాలో చాలా ఫీల్డులు బయటి పెయింట్ రానివ్వవు, తమ దగ్గరే కొనాలంటాయి. బయట దొరికే ధరకన్నా ఎక్కువ వేస్తాయి. ప్రవేశ రుసుములో కన్నా పెయింట్‌లోనే వాళ్ళకి మిగులు ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. అందుకే బయటి పెయింట్ రానిచ్చే ఫీల్డు వెతుక్కుని, అక్కడికి చౌక కేసు మోసుకెళ్ళడంలో మావాళ్ళకి ఒక తిరుగుబాటు తృప్తి ఉంది. ఆ కోపం నాకూ ఉంది. అయినా ఫీల్డు వైపు నుంచి చూస్తే, ఎవడో తెచ్చిన నూనె గోళీలు వాళ్ళ గాలి బంకర్లని (చాటుకోసం నిలబెట్టే గాలి దిమ్మల్ని) మరకలు చేస్తాయి, అద్దె గన్నుల్ని జిగురు పట్టిస్తాయి, తుడిచావు తుడవలేదన్న తగాదాలు వాళ్ళ రిఫరీల నెత్తికి చుట్టుకుంటాయి. ఎక్కువ తీసుకుంటే తీసుకున్నారు, ఇచ్చేది తాజాది అయితే ఆ నియమాన్ని నేను సమర్థిస్తా. ఎక్కువ తీసుకుని మళ్ళీ పాత సరుకే అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అలాంటి చోట ఒకసారి గొడవపడి వచ్చేశాం, మళ్ళీ వెళ్ళలేదు.

ఖరీదు పెరిగేకొద్దీ మంచిదన్న నమ్మకం కూడా నాకు లేదు. నా బ్రాండు పిచ్చి ముద్ర ఇక్కడ అన్యాయం. టోర్నమెంటు రకం గోళీకి తొడుగు పెళుసు, లోపల చిక్కటి రంగు. తగిలిందంటే పగిలి తీరాలి. దాన్ని నెమ్మదిగా తోసే ఖరీదైన ఎలక్ట్రానిక్ గన్నులో వాడతారు. అద్దె గన్నుల్లో ఎక్కువగా కనబడే టిప్‌మన్ 98 లాంటివాటిలో స్ప్రింగు బోల్టు ఠపీమని కొడుతుంది. అందులో టోర్నమెంటు గోళీ పోస్తే హాపర్ నుంచి బ్యారెల్ దాకా గులాబి పచ్చడే. అద్దె గన్నుకి కాస్త మందం తొడుగున్న ఫీల్డు గ్రేడే సరైనది, అది చౌకే. మావాళ్ళకి నేను చెప్పేది ఖరీదైనది కొనమని కాదు. తాజాది, గుండ్రంగా ఉన్నది, గన్నుకి నప్పేది కొనమని. ఫీల్డు గ్రేడులో అది దొరుకుతుంది, అమ్మేవాడిని "ఈ లాటు ఎప్పుడొచ్చింది?" అని అడిగే మొహమాటం లేకపోతే. జవాబు చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

చూడటం కష్టమేం కాదు. సంచిలోంచి గుప్పెడు తీసి వేళ్ళ మధ్య దొర్లించండి. సొట్టలు, అతుకు దగ్గర గట్టులా తేలిన గీత, చేతికంటే జిడ్డు ఉన్నాయంటే సంచి వెనక్కివ్వండి. చేతికి జిడ్డంటిందంటే లోపల ఏదో కారుతోంది. తర్వాత ఒకదాన్ని భుజం ఎత్తు నుంచి సిమెంటు నేల మీదకి వదలండి. మొదటిసారో రెండోసారో పగలాలి. నాలుగుసార్లు ఎగిరిందంటే మనిషి మీద కూడా ఎగురుతుంది. ఇక బ్యారెల్ విప్పి, అందులో గోళీ వేయండి. దానంతటది అటు చివర్నుంచి జారిపోతే వదులు, గట్టిగా ఊదినా కదలకపోతే బిగువు. ఒక్క ఊపిరితో బయటికొస్తే సరిపోయినట్టు. కొన్నాక కారు డిక్కీలో పెట్టి ఆఫీసుకెళ్ళకండి. గ్యారేజీలో కూడా వద్దు, ఇంట్లో చల్లగా ఉన్నచోట పెట్టి రెండుమూడు రోజులకోసారి సంచి తిరగేయండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి బాగా తగులుతాయని మా గుంపులో ఒకడు చెప్తుంటాడు. వాటిలో సగం హాపర్‌లోనే చితుకుతాయి, చలికి తొడుగు పెళుసెక్కుతుంది కాబట్టి. వాడికి గన్ను ఇవ్వకండి.

హైదరాబాద్‌లో ఆడేవాళ్ళ చేతిలో ఈ ఎంపిక లేదు. శివార్లలోని రిసార్టుకి కంపెనీ టీమ్ అవుటింగ్ అని వెళ్తే టికెట్‌తో పాటు ఇన్ని గోళీలని లెక్కపెట్టి పోస్తారు, అయిపోతే అదనంగా కొనాలి. అవి ఏ రకమో, ఎప్పటివో ఎవరూ అడగరు. మే నెల ఎండలో రేకుల షెడ్డులో పెట్టిన గోళీలు ఎలా ఉంటాయో పైన చదివినవాళ్ళు ఊహించుకోగలరు. అక్కడ నేను మావాళ్ళకి చెప్పేది ఒకటే: గన్ను చేతికిచ్చే ముందు ఒక గోళీని నేలకేసి చూపించమని అడగండి. నవ్వుతారు, ఫర్వాలేదు. పగలకపోతే ఆ ఆట పిల్లలతో ఆడకండి. మాస్కు గీతలు పడి ఉంటే వేరేది ఇచ్చేదాకా కదలకండి.

చౌక పెయింట్‌కి తగిన చోటూ ఉంది. ఊరవతల స్థలం ఉన్న మిత్రుడి ఇంటి వెనక డబ్బాలు నిలబెట్టి కొత్తవాళ్ళకి గన్ను పట్టుకోవడం నేర్పేటప్పుడు పాత కేసు బాగా పనికొస్తుంది. డబ్బా ఎవరితోనూ తగవు పెట్టుకోదు.  కాకపోతే అక్కడా మాస్కు ఉండాలి, కుక్కని లోపల కట్టేయాలి. పైనెలలో ఆటకి మాత్రం పది మంది ఉన్నాం, ప్రవేశానికీ అద్దె గన్నుకీ తలా ఎంతవుతుందో గ్రూపులో ఇప్పటికే పడింది. మంచి కేసుకీ చౌక కేసుకీ తేడా మనిషికి రెండు డాలర్లు. ఆ రెండు డాలర్లు ఇవ్వనన్నవాళ్ళ వాటా నేను వేసుకుంటా, లింకు మాత్రం పంపకండి.